గ్రైండర్ ఎక్కడ ఆగాలి: కర్నూలు పాతబస్తీలో ఒక సత్రం మరమ్మతు

కర్నూలు పాతబస్తీలో తుంగభద్ర వైపు దిగే సందుల్లో ఒక పాత సత్రం ఉంది. ట్రస్టు పెద్దలు పేరు రాయొద్దన్నారు కాబట్టి ఇక్కడ సత్రం అనే రాస్తున్నాను. ఆ చుట్టుపక్కల వాళ్లకు పేరుతో పని కూడా లేదు. "సత్రం కాడ" అంటే ఆటో నేరుగా అక్కడే ఆగుతుంది. ముందు ఐదు కమాన్ల వసారా, నడుమ ఆకాశం కనిపించే తొట్టి, చుట్టూ నాలుగు గదులు, పైన మూడు గదుల మిద్దె. నేలంతా కడప బండ. మోకాలెత్తు దాకా నాపరాయి కట్టుబడి, ఆ పైన సన్న ఇటుక, గానుగ సున్నం. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులకు చోటు చాలక గుడారాల్లో కూడా నడిపారు. ఆ రోజుల్లో ఈ సత్రం మేడగదుల్లో గుమస్తాలు ఫైళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లని ట్రస్టులో అందరికన్నా పెద్దాయన చెప్పారు. గోడల్లో కరెంటు తీగల కోసం దిగ్గొట్టిన చెక్క దిమ్మెలు ఇప్పటికీ ఉన్నాయి.

నేను పాత కట్టడాల మరమ్మతు పనులు చేయించే ఇంజనీరును. ఈ సత్రం పని రెండు ఎండాకాలాలు పట్టింది. ఇందులో కరెంటు పనిముట్లను ఎక్కడ వాడామో, ఎక్కడ పక్కన పెట్టామో, ఎక్కడ మా చేతులారా చెడగొట్టామో రాస్తున్నాను. పాత గోడ దగ్గరికి గ్రైండర్ (రాయి, సిమెంటు కోసే గుండ్రటి బ్లేడు మిషను) తీసుకుపోతే పాపమన్నట్టు చూసేవాళ్లు మా పనిలో చాలామంది. పది రోజుల పని ఒక్క రోజులో తేల్చడానికి కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ తెచ్చేవాళ్లు ఇంకా ఎక్కువమంది. ఈ ఇద్దరి మాటా ఈ గోడ మీద నిలవలేదు.

వరద తర్వాత వేసిన పూత

2009 అక్టోబర్ మొదట్లో తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలును ముంచిన సంగతి ఈ ఊళ్లో ఎవరూ మరచిపోరు. సత్రం కింది గదుల్లో నీళ్లు మనిషి తల ఎత్తు దాటి నిలిచాయి. తగ్గాక చూస్తే గోడలు నిలబడే ఉన్నాయి, గచ్చు, అంటే గోడల సున్నపు పూత, మాత్రం అక్కడక్కడా ఊడిపోయింది. అప్పుడు వచ్చిన ఒక కాంట్రాక్టరు గోడలను బలపరుస్తానని చెప్పి, ఏడడుగుల ఎత్తు దాకా మిగిలిన గచ్చంతా చెక్కించేశాడు. ఇటుక మీదే లోపలా బయటా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాడు. పూత లేకుండా ఉన్న వెనక గోడకు ఇటుకల సందుల్లోని సున్నం దరజులు తోడి సిమెంటు నింపాడు. వసారా కమాన్లు విచ్చుకుంటాయేమోనని ఇనుప పట్టీలు దించాడు. చెడ్డ ఉద్దేశంతో చేశాడని నేననుకోను. ఆ సంవత్సరం ఊరంతా అదే పని జరిగింది.

మేం వెళ్లేసరికి ఆ సిమెంటు చెక్కుచెదరలేదు, దాని వెనక ఇటుకే పిండి అవుతోంది. వేలితో రాస్తే ఎర్రటి బుగ్గి రాలేది. ఏడడుగుల దగ్గర, సిమెంటు ఆగి పాత గచ్చు మొదలయ్యే చోట, గదులన్నిటా చెమ్మ చార, దాని మీద తెల్లటి ఉప్పు పొంగు. నేల నుంచి ఎక్కే చెమ్మ ఎప్పుడూ ఉండేదే. మునుపు అది సున్నం గుండా బయటికి ఆరిపోయేది. సున్నం దరజు ఇటుక కన్నా మెత్తన, గాలి పీల్చుకునేది. ఉప్పు చేరితే ముందు ఆ దరజే రాలుతుంది. పదేళ్లకో ఇరవై ఏళ్లకో దాన్ని మళ్లీ నింపుకుంటారు, ఇటుక బతుకుతుంది. సిమెంటు వచ్చాక లెక్క తిరగబడింది. నీరు సిమెంటు గుండా పోలేక ఇటుకలోనే ఆరడం మొదలుపెట్టింది. ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి, ఆ ఒత్తిడికి ఇటుక ముఖం పెచ్చులుగా లేస్తోంది. దారి దొరకని చెమ్మ పైకి పాకి ఏడడుగుల దగ్గర బయటపడింది.

అంటే తీయాల్సింది సిమెంటును. అది దాని కింద ఉన్న ఇటుక కన్నా ఎన్నో రెట్లు గట్టిది, ఆ ఇటుకనే పట్టుకుని ఉంది. చిక్కంతా అక్కడే.

ఇది చట్టం కింద రక్షిత కట్టడం కాదు. లేపాక్షి లాంటి చోటైతే పాత కట్టడాల రక్షణకు 1958 నాటి చట్టం ఉంది, చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆ పైన 200 మీటర్లు నియంత్రణలో ఉంటాయి, మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. సత్రానికి అలాంటి కాపు ఏదీ లేదు. గోడకు మేం ఏం చేసినా అడిగేవాళ్లు ఉండరు. అందుకే ప్రతి గదికీ ముందే ఫొటోలు తీసి, గోడలను అడుగు చొప్పున గళ్లుగా విడదీసి, ఒక్కో గడికి నంబరు వేసి రిజిస్టరు పెట్టాను. తర్వాత అది ఎంత పనికొచ్చిందో చెబుతాను.

మూడు గళ్ల పరీక్ష

పనిలో ముఖ్యమైన మనుషులు ఇద్దరు. ఒకాయన ఈ ఊరి బేల్దారి (తాపీ మేస్త్రీ), డెబ్బై దాటినవాడు, సున్నం పనిలోనే చేతులు పండినవాడు. అందరం చాచా అంటాం. ఇంకొకడు బేతంచర్ల పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసి వచ్చిన పాతికేళ్ల పిల్లోడు. నాపబండ మీద గీత గీస్తే ఆ గీత మీదే బ్లేడు నడిపించే చెయ్యి వాడిది. మొదటి రోజే వాడు నాతో ఒక మాట అన్నాడు. "బండను కోసేది తెల్సు సార్, గోడను కోసేది తెల్దు." ఆ మాట విన్నాకే వాణ్ణి పనిలోకి తీసుకున్నాను.

మెట్ల వెనక ఎవరికీ కనబడని గోడ మీద మూడు గళ్లు గీశాం. ఒక్కోటి మూడడుగుల చదరం. మొదటి గడిలో సుత్తి, ఉలి. చాచా స్వయంగా కూర్చున్నాడు. నా లెక్క ప్రకారం ఇదే అన్నిటికన్నా నెమ్మదైన, గోడకు మంచిదైన పద్ధతి కావాలి. పావుగంటకే ఆయన ఆగిపోయాడు. "గోడ ఒప్పుకుంటల్లేదు సార్. సిమెంటు ఊడేది కాదు, ఇటుకే ఊడొస్తాంది." ఊడిపడిన పెచ్చు తిరగేస్తే వెనక అరంగుళం మందాన ఇటుక ముఖం అతుక్కుని వచ్చింది.

రెండో గడిలో వరసగా దెబ్బలు కొట్టే 2 కిలోల తరగతి రోటరీ హ్యామర్‌కు వెడల్పు ఉలి తగిలించాం. దెబ్బ శక్తిని జౌళ్లలో కొలుస్తారు, ఈ సైజు మిషను దెబ్బ 2, 3 జౌళ్లు ఉంటుంది. రోడ్డు పనికి తెచ్చే పెద్ద బ్రేకర్ దెబ్బ 20 జౌళ్లు దాటుతుంది కాబట్టి దాన్ని సత్రం గడప తొక్కనివ్వలేదు. చిన్నదానితో పని చకచకా సాగింది. కానీ చాచా గోడ అవతలి గదిలో గూట్లో ఒక గ్లాసు నిండా నీళ్లు పెట్టి వచ్చాడు. మిషను తిరిగినంతసేపూ ఆ నీళ్ల మీద సన్నటి వలయాలు ఆగలేదు. తర్వాత పైభాగంలో పాత గచ్చును వేలి కణుపుతో తట్టి చూస్తే, పొద్దున గట్టిగా మోగిన రెండు చోట్ల ఇప్పుడు డొల్లగా మోగింది. దెబ్బ చిన్నదే. ఒకదాని వెంట ఒకటిగా నిమిషానికి వేల దెబ్బలు పడేసరికి, మనం ముట్టుకోని చోట గచ్చు ఇటుకను వదిలేసింది.

మూడో గడిలో 4 అంగుళాల గ్రైండర్, డైమండ్ బ్లేడు. సిమెంటును అరచేయంత ముక్కలుగా నిలువూ అడ్డం గాట్లు పెట్టాం. గాటు సిమెంటు మందం దాటకుండా, అడుగున కొంచెం వదిలేశాం. తర్వాత చాచా సన్న ఉలిని గాటులో పెట్టి, గోడలోకి కాకుండా పక్కవాటుగా తట్టాడు. ముక్కలు ఒక్కొక్కటిగా, ఇటుకను వదిలేసి, చేతిలోకి వచ్చాయి.

ఎందుకిలా అయిందో ఆ రాత్రి కూర్చుని ఆలోచించాను. ప్లాస్టరింగ్ మొత్తం ఒకే పలక. ఒక చోట కొడితే ఆ బలం పలక పొడవునా పాకి, అన్నిటికన్నా బలహీనమైన చోట తెగుతుంది. ఇక్కడ ఆ బలహీనమైనది ఉప్పు తిన్న ఇటుక. పలకను ముందే ముక్కలు చేస్తే ఏ దెబ్బ ఆ ముక్కతోనే ఆగిపోతుంది. చేత్తో కొట్టే దెబ్బే గోడను చీల్చింది, నిమిషానికి 11,000 చుట్లు తిరిగే బ్లేడు దాన్ని కాపాడింది. చేతిపని అంటే మెత్తన, మిషను అంటే మొరటు అని నేను పాతికేళ్లు నమ్మాను. ఈ గోడ దగ్గర ఆ నమ్మకం వదులుకున్నాను.

ఒక హద్దు మాత్రం గీసుకున్నాం. గ్రైండర్ కోసేది మన కాలంలో పెట్టిన దాన్నే. పాతవాళ్లు పెట్టింది మొదలయ్యే చోటికి 5 మిల్లీమీటర్ల ముందే అది ఆగాలి. ఆ చివరి పొర చేతిది.

లోతు తెలుసుకోవడం, తప్పు జరిగిన సాయంత్రం

సిమెంటు మందం ఎంతో పైకి కనబడదు. పాత గోడ తూకానికి ఉండదు, ఎక్కడో ఉబ్బుతుంది, ఎక్కడో లోపలికి పోతుంది. పైన సిమెంటు వేసినవాడు మాత్రం రసమట్టం పెట్టి నున్నగా లాగేశాడు. కాబట్టి మందం ప్రతి అడుగుకూ మారుతుంది. దీనికి మేం వాడింది మామూలు 5 మిల్లీమీటర్ల డ్రిల్లు, హ్యామర్ మోడ్ ఆపేసి, తిప్పుడు మాత్రమే. బిట్టుకు టేపుతో గుర్తు వేసి మెల్లగా దించుతుంటే బూడిదరంగు పొడి వస్తుంది. అది ఎర్రగా మారిందా ఇటుక తగిలినట్టు, తెల్లగా మారిందా దరజు తగిలినట్టు. రంగు మారిన క్షణం ఆపి లోతు కొలిచి, ఆ అంకెను సుద్దతో గోడ మీదే రాసేవాళ్లం. గ్రైండర్ గార్డుకు ప్లైవుడ్ పట్టీ బిగించి, కొలత కన్నా 5 మిల్లీమీటర్లు తక్కువకు లోతు కట్టేవాళ్లం.

మొదటి గది అడుగుకో రంధ్రం చొప్పున చేశాం, ఇబ్బంది రాలేదు. తూర్పు గదికి వచ్చేసరికి పని వెనకబడిందని నాకే తొందర పుట్టింది. నాలుగడుగులకో రంధ్రం చాలన్నాను. ఒక చోట 22 మిల్లీమీటర్లు వచ్చింది, నాలుగడుగుల అవతల కూడా 22 వచ్చింది. లోతు 17కు కట్టి కోయమన్నాను. ఆ రెండిటి మధ్య గోడ ముందుకు ఉబ్బి ఉంది. అక్కడ సిమెంటు మందం 12 మాత్రమే.

పిల్లోడికి తెలియాల్సింది. ఇటుకలోకి దిగితే పొడి ఎర్రగా వస్తుంది కదా. కానీ దుమ్ము లేవకుండా గ్రైండర్‌కు తొడుగు పెట్టి వాక్యూమ్ గొట్టం తగిలించాం. రంగు మారిన పొడి ఎవరికీ కనబడకుండా నేరుగా డబ్బాలోకి పోయింది. బ్లేడు రాగం కూడా మారుతుంది, సిమెంటు మీద కీచుమంటుంది, పాత ఇటుక మీద బుసకొడుతుంది. పిల్లోడి చెవుల్లో మేం పెట్టించిన బిరడాలు ఉన్నాయి. తొట్టిలో సున్నం కలుపుతున్న చాచాకు ఆ మార్పు వినబడింది. "ఆపు రా, ఆపు" అని అరుచుకుంటూ వచ్చేలోగా మూరెడు పొడవున, ఏడు ఇటుకల ముఖాల మీద, 5 మిల్లీమీటర్ల లోతు గాటు పడిపోయింది.

తప్పు వాడిది కాదు. రంధ్రాల దూరం పెంచింది నేను. దుమ్ము లాగే ఏర్పాటు పెట్టినప్పుడు దాంతోపాటు కంటికి, చెవికి అందే హెచ్చరికలు కూడా మాయమవుతాయని ఆలోచించనిది నేను. మనిషిని కాపాడే సాధనం గోడకు కళ్లు మూసింది. రెండూ కావాలంటే పద్ధతి మారాలి. మర్నాటి నుంచి మళ్లీ అడుగుకో రంధ్రం. పారదర్శకంగా ఉండే గొట్టం తెప్పించి, రంగు కనబడేలా దీపం కట్టాం. కోసేవాడి పక్కన చాచాను, ఆయన లేనప్పుడు ఆయన దగ్గర నేర్చిన ఇంకొకరిని, చేయెత్తితే ఆపాలన్న షరతుతో నిలబెట్టాం. చాచా అరచేయి గోడ మీద ఆనించి కళ్లు మూసుకుని నిలబడేవాడు. వేగం సగానికి పడింది. ముగ్గురు మనుషులు రోజుకు నలభై చదరపు అడుగులు తీస్తే గొప్ప. మిగతా గదుల్లో మాత్రం ఒక్క ఇటుకకు కూడా గాటు పడలేదు.

ఆ ఏడు ఇటుకలనూ మార్చలేదు. గాటును సున్నం, అదే గోడ నుంచి రాలిన ఇటుక పొడి కలిపి నింపాం. నంబర్ల రిజిస్టరులో ఆ గడి ఎదురుగా ఫొటో, తేదీ, కారణం రాసి నేను సంతకం చేశాను. రేపు ఈ గోడను ఇంకెవరైనా చూసినప్పుడు అది ఎన్నడో పడిన పగులని పొరబడకూడదు.

నిలువు దరజులకు గ్రైండర్ పనికిరాదు

వెనక గోడ దరజుల సంగతి వేరు. అక్కడ ప్లాస్టరింగ్ లేదు, ఇటుకల సందుల్లో నింపిన సిమెంటు తీయాలి. అడ్డ దరజులు అరంగుళం వెడల్పు, బ్లేడు మందం 2 మిల్లీమీటర్లు. దరజు నట్టనడుమ ఒకే గాటు పెట్టి, పైనా కిందా మిగిలిన సిమెంటును ఉలితో ఆ గాటులోకి విరిచాం. దరజు వెడల్పంతా గ్రైండర్‌తోనే తోడేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. ఇటుక అంచులు ఎప్పుడూ తిన్నగా ఉండవు, బ్లేడు తిన్నగానే పోతుంది.

నిలువు దరజుల్లో ఆ ఒక్క గాటు కూడా కుదరదు. కారణం లెక్కే. 4 అంగుళాల గుండ్రటి బ్లేడు అంగుళం లోతు దిగాలంటే గోడ మీద దాదాపు మూడున్నర అంగుళాల పొడవు గాటు పెడుతుంది. మా సన్న ఇటుక మందం రెండంగుళాలు. అంటే నిలువు దరజు రెండంగుళాలదే. ఎంత నేర్పరి కోసినా పైనున్న ఇటుకలోకో కిందున్న ఇటుకలోకో బ్లేడు పోకుండా ఉండదు. పాత కట్టడాల గోడల మీద నిలువు సందులకు పైనా కిందా సూదిమొనల్లా పొడుచుకొచ్చిన గాట్లు కనబడితే, అక్కడ ఎవరో గ్రైండర్‌తో దరజులు తీశారని చెప్పేయొచ్చు. నాకు అవి కనబడిన చోటల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

వీటికి ఆసిలేటింగ్ టూల్ వాడాం. దీని బ్లేడు గిరగిర తిరగదు, మూడు నాలుగు డిగ్రీల మేర అటూ ఇటూ వణుకుతుంది. కార్బైడ్ మొన ఉన్న సన్న బ్లేడు పెడితే రెండంగుళాల సందులో రెండంగుళాలే కోస్తుంది. బ్లేడ్లు తొందరగా అరిగిపోతాయి, ఖర్చు ఎక్కువ. అయినా ట్రస్టు వాళ్లకు గోడ దగ్గరే చూపించి ఒప్పించాను. సిమెంటు మరీ మొండిగా ఉన్న చోట దాన్ని కూడా పక్కన పెట్టి చాచా ఉలికే వదిలేశాం.

కమాన్లలో ఇనుము

వసారా ఐదు కమాన్లలో మూడింటికి నడి ఇటుక దగ్గర పగుళ్లు. బరువుకు విచ్చుకున్నాయని అందరూ అనుకున్నారు. రంధ్రంలోకి సన్న కెమెరా పంపి చూస్తే, బలానికని దించిన ఇనుప పట్టీలే తుప్పు పట్టి ఉబ్బుతున్నాయి. తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది. గట్టిగా మూసిన సందులో అది ఉబ్బితే ఎంతటి రాయైనా చీలాల్సిందే. ఏథెన్స్ ఆక్రోపోలిస్ మీద కూడా ఇదే జరిగింది. పాత గ్రీకులు ఇనుప బిగింపుల చుట్టూ సీసం పోసి దాచారు. 20వ శతాబ్దం మొదట్లో మరమ్మతు చేసినవాళ్లు సీసం లేకుండా ఇనుము పెడితే పాలరాయి పగిలింది. 1975 తర్వాత మొదలైన పనుల్లో వాటిని తీసి టైటానియం పెట్టుకుంటూ వస్తున్నారు.

టైటానియం మాకు అందేది కాదు. ముందు కమాన్ల కింద సర్వీ కట్టెలతో ఆసరా కట్టి, పట్టీల చుట్టూ ఉన్న సిమెంటును సన్న కోర్ డ్రిల్లుతో నీళ్లు పోస్తూ వరుస రంధ్రాలుగా తీశాం. కోర్ డ్రిల్లుకు దెబ్బ ఉండదు, అరగదీసుకుంటూ పోతుంది. కమానులో ప్రతి ఇటుకా పక్కదాని ఒత్తిడితోనే నిలబడుతుంది కాబట్టి దెబ్బ ఉన్న ఏ మిషనునూ ఆ దరిదాపులకు రానివ్వలేదు. పట్టీలు బయటికి వచ్చాక రెండు కమాన్లకు మళ్లీ ఏదీ పెట్టాల్సిన అవసరం లేకపోయింది. మూడోదానికి మాత్రం తుప్పు పట్టని 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు రెండు, సున్నం గ్రౌటులో (సందుల్లోకి పోసే పలచని ముద్దలో) పెట్టాం.

రాయి పని

వసారా అంచున నాపరాయి చప్టా ఒకటి సగానికి విరిగిపోయింది. కొత్త రాయిని బేతంచర్లలో మిషను మీదే కోయించాం, అందులో తప్పేం లేదు. కానీ మిషను కోసిన ముఖం అద్దంలా ఉంటుంది. పక్కనున్న పాత రాళ్ల మీద ఉలి చుక్కలు వరుసగా పడి ఉంటాయి. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి గుళ్లో పూర్తికాని గోపురాలు చూసినవాళ్లకు ఈ మాట సులువుగా అర్థమవుతుంది. పని ఆగిపోయినా, రాయి మీద చెయ్యి ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తూనే ఉంటుంది. అందుకే మా కొత్త రాయి ముఖాన్ని అరంగుళం ఎక్కువ మందంతో తెప్పించి, ఆ అరంగుళం ఉలితోనే దించాం. కింద కనబడని వైపు మాత్రం మిషను కోత అలాగే ఉంచి, అమర్చిన సంవత్సరం చెక్కాం.

స్తంభాలకు పట్టించిన ఎనామిల్ రంగును శాండ్ బ్లాస్టింగ్‌తో ఎగరగొడదామని ఒకరు, యాసిడ్‌తో కడుగుదామని ఇంకొకరు సలహా ఇచ్చారు. నాపరాయి సున్నపురాయే, యాసిడ్ పడితే బుసబుస పొంగి కరిగిపోతుంది. ఇసుక విసిరితే ఉలి చుక్కలన్నీ చెరిగిపోతాయి. రంగును మెత్తబరిచే లేపనం పూసి, ప్లాస్టిక్ గీకుడు పలకలతో, బ్రష్షులతో నెలన్నర కూర్చుని తీశాం. ఇక్కడ ఏ మిషనూ పనికిరాలేదు.

గానుగకు మోటారు

సిమెంటు తీయడం సగం పని. తీసిన చోట మళ్లీ సున్నం పెట్టాలి. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల్లో కాలిస్తే వచ్చే రాతి సున్నాన్ని తొట్టెలో నీళ్లలో నానబెట్టి, నెల రోజులు మీద నీళ్లు ఆరకుండా ఉంచాం. మునుపు దాన్ని ఇసుకతో కలిపి ఎద్దు తిప్పే గానుగలో రాతి చక్రం కింద నలిపేవాళ్లు. ఎద్దు లేదు, గానుగ లేదు. పని పెట్టిన కొత్తలో మా కుర్రాళ్లు సిమెంటు కలిపే డ్రమ్ము మిక్సర్‌లో వేసేశారు. అది సున్నాన్ని దొర్లిస్తుంది కానీ నలపదు. వచ్చిన ముద్ద తాపీ మీద నిలవలేదు, చాచా చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య రాసి పారేశాడు. చివరికి ఇనుప పళ్లెంలో రెండు బరువైన చక్రాలు తిరిగే మోటారు మిల్లు సంపాదించాం. ఇది ఎద్దు గానుగ చేసిన పనే చేస్తుంది. చక్రం బరువుతో సున్నాన్ని ఇసుకలోకి, సుర్కీలోకి (ఇటుక పొడిలోకి) అదుముతుంది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోస్తూ ఆడించిన ముద్దను చూసి "ఇది మా నాయన కాలం నాటి సున్నం" అన్నాడు చాచా. ఆ రోజు నాకు కలిగిన సంతోషం రాయడం కష్టం. ఎద్దు పోయి మోటారు వచ్చినందుకు సున్నానికి ఏ లోటూ రాలేదు, నలిపే పద్ధతి మారనందుకు.

సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది, కానీ తడి ఉన్నంతవరకే. కర్నూలు ఎండలో మే నెలలో పూసిన గచ్చు సాయంత్రానికి ఎండి పొడి అయిపోతుంది. అందుకే పొద్దున ఆరు నుంచి పదకొండు దాకే పూత, తర్వాత గోనె పట్టాలు కట్టి రోజుకు నాలుగుసార్లు నీళ్లు చల్లడం. పొర వెంట పొర, మధ్యలో వారం విరామం. ఇందులో తొందరపడడానికి వీల్లేదు, తొందరపెట్టే మిషను కూడా లేదు.

మిద్దె కప్పు మీద ఎవరో వేసిన సిమెంటు కాంక్రీటును కూడా గోడల పద్ధతిలోనే గళ్లుగా కోసి చేత్తో ఎత్తాం. కింద టేకు దంతెలు, ఇటుక గచ్చు దిట్టంగా ఉన్నాయి.

దుమ్ము

దీన్ని చివర్లో రాస్తున్నాను కానీ పనిలో ఇదే మొదట రావాలి. ఇటుకలో, ఇసుకలో, సిమెంటు ప్లాస్టరింగ్‌లో స్ఫటికపు సిలికా ఉంటుంది. ఉలితో కొడితే పెచ్చులు రాలతాయి, గ్రైండర్‌తో కోస్తే కంటికి కనబడని ధూళి లేస్తుంది. ఆ ధూళే ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది. సిలికోసిస్‌కు మందు లేదు. బండలు కోసే ఊళ్లలో దగ్గుతూ కూర్చున్న నడివయసు మనుషులను చూసి పెరిగినవాడు మా పిల్లోడు, వాడికి చెప్పాల్సిన పని పడలేదు. కానీ ముఖానికి తుండుగుడ్డ చుట్టుకుంటే చాలనుకునేవాడు. తుండుగుడ్డ ఆ ధూళిని ఆపదు. బయటి గోడల మీద నీళ్లు కారుస్తూ కోశాం. చెమ్మ ఎక్కిన లోపలి గోడలకు ఇంకా నీళ్లు పెట్టలేం కాబట్టి అక్కడ వాక్యూమ్ తొడుగు, దానికి సన్న ధూళిని ఆపే ఫిల్టరు, మనిషికి సరిగ్గా బిగిసే మాస్కు. గంట కోస్తే అరగంట వేరే పని. చేతులు తిమ్మిరెక్కాయని ఎవరైనా అంటే ఆ పూట మిషను ఇంకొకరికి. నీళ్లు, కరెంటు ఒక్కచోట ఉన్నాయి కనుక సత్రం పాత వైరింగును ముట్టుకోకుండా, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే ఎర్త్ లీకేజీ బ్రేకరు పెట్టిన వేరే బోర్డు నుంచే తీగ లాగాం.

ఎండలో మాస్కు పెట్టుకుని పని చేయడం నరకమే. అందుకే కోత పనంతా మాఘ, ఫాల్గుణాల్లో పూర్తయ్యేలా రెండో ఏడాది పనిని ముందుకు జరిపాను. మొదటి ఏడాదే చేయాల్సింది.

ఉత్తరం గోడ

పని ముగిశాక ఒక వానాకాలం గడిచింది. కొత్త గచ్చు మీద రెండు గదుల్లో తెల్ల ఉప్పు పొంగింది. ట్రస్టు పెద్దలు కంగారుపడి ఫోన్ చేశారు. అది రావాల్సిందే. ఇన్నేళ్లు ఇటుకలో ఇరుక్కున్న ఉప్పు ఇప్పుడు సున్నంలోకి, అక్కడి నుంచి బయటికి వస్తోంది. పొడి బ్రష్షుతో దులిపి, ఊడ్చి పారేయమన్నాను, తడిగుడ్డతో తుడవొద్దన్నాను. తుడిస్తే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఏడడుగుల దగ్గరున్న చెమ్మ చార మోకాలెత్తుకు దిగింది. తట్టి చూస్తే గచ్చు ఎక్కడా డొల్లగా లేదు.

ఉత్తరం గోడ సిమెంటును మాత్రం తీయలేదు. అక్కడ పరీక్ష గడిలో ఎంత జాగ్రత్తగా కోసినా, ఎంత మెల్లగా తట్టినా, ముక్కతోపాటు ఇటుక వచ్చేసింది. లోపల ఇటుక అంతగా పిండి అయిపోయింది, ఇప్పుడు ఆ సిమెంటే దాన్ని పట్టుకుని ఉంది. తీయాలని నా మనసు పీకింది. చాచా గోడ మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడి, "దీన్ని ఇప్పుడు ముట్టుకోవద్దు సార్" అన్నాడు. పైన ఏడడుగుల చార వెంబడి సిమెంటును జానెడు మాత్రం కోసి, చెమ్మ ఆరడానికి దారి వదిలాం. అడుగున బండ పక్కన కూడా అలాగే. ఆ గోడలో నాలుగు డ్రిల్లు రంధ్రాలను పూడ్చకుండా చెక్క బిరడాలు పెట్టి ఉంచాం. ఆర్నెల్లకోసారి బిరడా తీసి, లోపలి పొడిని చిన్న పొట్లాల్లో తీసుకుని తడి ఎంతుందో తూచి చూస్తున్నాను. మొన్న ఉగాదికి తీసిన పొడి, కిందటి దసరా నాటి పొడి కన్నా తేలిగ్గా ఉంది. పిల్లోడు ఇప్పుడు చాచా దగ్గరే సున్నం పని నేర్చుకుంటున్నాడు. తర్వాతి తూకం వచ్చే దసరాకు.